రీకాల్ అయిన ప్యాకెట్ సగం తినేశాక ఏం చేయాలి? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ల కిందటి మా వంటిల్లు గుర్తొచ్చిందండి. మీరు అడిగింది ఇదీ కదా, ప్యాకెట్‌లో బ్యాక్టీరియా ఉండొచ్చని కంపెనీ సరుకు వెనక్కి పిలిచింది, అప్పటికే మీరు సగం తినేశారు, ఎవరికీ ఏమీ కాలేదు, మిగతా సగం బాగా ఉడికించి వాడేయొచ్చా, పారేయాలా, లేక హాస్పిటల్‌కి పరిగెత్తాలా అని. ముందు పొట్టి జవాబు చెప్పేస్తా. మిగతాది తినొద్దు, ఉడికించి కూడా తినొద్దు, ఎలా ఉందో చూద్దామని నాలిక మీద కూడా వేసుకోవద్దు. అందరూ బాగానే ఉంటే హాస్పిటల్‌కి పరిగెత్తక్కర్లేదు. కానీ కవర్ మాత్రం ఇప్పుడే పారేయకండి. ఆ కవర్ దగ్గరే నేను దెబ్బతిన్నా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మా ఇంట్లో అది చీజ్. అప్పుడు మా చెల్లి మా దగ్గరే ఉంది, ఏడో నెల. రోజూ పొద్దున్నే బ్రెడ్డులో రెండు స్లైసులు పెట్టుకుని తినేది, నేనే చేసి ఇచ్చేదాన్ని. నాకేమో ఏ సరుకు తెచ్చినా కవర్ చింపి పారేసి డబ్బాలోకి సర్దేస్తే గానీ మనసొప్పదు, ఫ్రిజ్ తలుపు తీస్తే అన్నీ ఒకే సైజు డబ్బాలు వరసగా కనపడాలి, అదో పిచ్చి. ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక మా ఆయన ఫోన్ చూస్తూ చూస్తూ "ఇది మనం తెచ్చే చీజే కదా" అన్నారు. చూస్తే రీకాల్ నోటీసు, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండొచ్చని రాసుంది, కింద నాలుగు బ్యాచ్ నంబర్లు, డేట్లు. నా చేతిలో డబ్బా ఉంది, డబ్బాలో చీజ్ ఉంది, నంబర్ మాత్రం నాలుగు రోజుల కిందటే చెత్తబండిలో వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే కాళ్లలో సత్తువ పోయింది.

రీకాల్ అంటే ఆ కంపెనీ సరుకు మొత్తం పాడైపోయిందని కాదండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫలానా ఫ్యాక్టరీలో, ఫలానా రోజు, ఫలానా లైన్ మీద తయారైన బ్యాచ్ అని అర్థం. అందుకే నోటీసులో బ్రాండ్ పేరు కంటే బ్యాచ్ లేదా లాట్ నంబర్, ఎక్స్‌పైరీ డేటు, ప్యాకెట్ సైజు ముఖ్యం, కొన్నిటికి ఫ్యాక్టరీ కోడ్ కూడా ఉంటుంది. నోటీసులో రాసినవన్నీ కలిస్తే మీది రీకాల్ సరుకు, ఒక్కటి కలవకపోయినా కాదు. అదే బ్రాండు, అదే సైజు, డేటు మాత్రం వేరే ఉంటే అది నిక్షేపంగా వాడుకోవచ్చు. నాలాగా కవర్ పారేసినవాళ్లకి మాత్రం వేరే దారి లేదు, అది రీకాల్ సరుకే అనుకుని నడుచుకోవాలి. షాపువాళ్లకి ఫోన్ చేస్తే బిల్లు తీసి నేను ఏ రోజు కొన్నానో చెప్పారు, బ్యాచ్ మాత్రం వాళ్ల బిల్లులో ఉండదట. కంపెనీ కస్టమర్ కేర్ అయితే కోడ్ ఫోటో పంపండి మేడమ్ అని మూడుసార్లు అడిగింది, ఆ అమ్మాయి తప్పేం లేదు పాపం. అలా అని వాట్సాప్‌లో వచ్చే ప్రతి ఫార్వర్డ్‌కీ ఫ్రిజ్ ఖాళీ చేయనక్కర్లేదు, బ్యాచ్ నంబర్ లేకుండా "ఈ కంపెనీవి ఏవీ తినకండి, అందరికీ పంపండి" అని ఉంటే ముందు కంపెనీ సైట్‌లోనో మీ ప్రభుత్వ ఫుడ్ సేఫ్టీ శాఖ సైట్‌లోనో నోటీసు ఉందేమో చూసుకోండి.

ఇక ఉడికిస్తే చాలదా అన్న మీ అనుమానం. అది పిచ్చి ప్రశ్నేం కాదు, లిస్టీరియా, సాల్మొనెల్లా, ఈకోలి మూడూ వేడికి చచ్చేవే, మధ్య భాగం దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే పోతాయి. కానీ అది గిన్నెలోకి వెళ్లేలోపు మీ చేతికి అంటుతుంది, చాకుకి, కటింగ్ బోర్డుకి, సింకుకి అంటుతుంది, అదే బోర్డు మీద తర్వాత దోసకాయ తరుగుతారు, దోసకాయని ఎవరూ ఉడికించరు కదా. ఇంకోటి, అన్ని బ్యాక్టీరియాలూ ఒకలాంటివి కావు. స్టాఫిలోకాకస్ లాంటిది ఆహారంలో విషం వదిలితే, ఆ క్రిమి చచ్చినా విషం మరిగించినా పోదు. సీల్డ్ డబ్బాల్లో బొటులిజం, అంటే నరాలని దెబ్బతీసే క్రిమి విషం, ఉందన్న అనుమానంతో రీకాల్ అయితే అసలు మూత తీసే చూడకూడదు, లోపల చిందేది ఒక్క చుక్కైనా ప్రమాదమే. మా అమ్మ డబ్బా మూత తీసి వాసన చూసి "బానే ఉందే" అంది. అమ్మకి ఎంత చెప్పినా ఎక్కలేదు గానీ, తిండిని కంపు కొట్టించే క్రిములు వేరు, మనిషిని పడగొట్టేవి వేరు. లిస్టీరియా ఉన్న చీజ్ రంగు మారదు, వాసన రాదు, రుచి కూడా అలానే ఉంటుంది.

ఆ రాత్రే చెల్లి తన డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆవిడ అడిగిన మొదటి మాట, జ్వరం ఉందా అని. లేదంటే, ఒళ్లు నొప్పులు, విరేచనాలు ఏమైనా ఉన్నాయా అని. అవీ లేవు. అయితే ఇప్పుడు టెస్టులూ వద్దు, మందులూ వద్దు, కానీ 2 నెలల దాకా కనిపెట్టుకుని ఉండు, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వచ్చిందా, అర్ధరాత్రైనా సరే వచ్చేయ్, చీజ్ సంగతి మొదటే చెప్పు, రక్తంలో క్రిమి ఉందేమో చూసే బ్లడ్ కల్చర్‌కి తీసి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతాం అంది. 2 నెలలేంటి అనుకున్నా నేను. తర్వాత తెలిసింది, లిస్టీరియా తిన్నాక మామూలుగా కొన్ని వారాల్లో బయటపడుతుంది కానీ ఒక్కోసారి 70 రోజుల దాకా పట్టొచ్చు. గర్భంతో ఉన్నవాళ్లకి అది సాధారణ ఫ్లూలా వచ్చి పోతుంది, తల్లికి పెద్దగా తెలియదు కూడా, దెబ్బ మాత్రం లోపలి బిడ్డకి తగులుతుంది, గర్భం పోవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావొచ్చు. గర్భిణులు, అప్పుడే పుట్టిన పిల్లలు, 65 దాటిన పెద్దవాళ్లు, క్యాన్సర్ మందుల వల్లో ఇంకో జబ్బు వల్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, వీళ్లకే దీనితో అసలు ప్రమాదం. ఆరోగ్యంగా ఉన్న మిగతావాళ్లలో చాలామందికి ఏమీ కాదు.

మీకు ఇంకా ఎవరికీ ఏం కాలేదన్నారు కదా, అందుకే నోటీసులో ఏ బ్యాక్టీరియా పేరు రాశారో చూడమంటున్నా. సాల్మొనెల్లా అయితే 6 గంటల నుంచి 6 రోజుల్లోపు తేలిపోతుంది, జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. ఈకోలి మామూలుగా 3, 4 రోజులకి మొదలవుతుంది. విరేచనంలో రక్తం పడితే సొంతంగా విరేచనాలు ఆపే మాత్రలు వేయొద్దు, మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కూడా వేసుకోవద్దు, ఆ రకం ఈకోలికి ఈ రెండూ మేలు కంటే కీడు చేసే అవకాశం ఉంది. పిల్లలైతే మరీ జాగ్రత్త, విరేచనాలు తగ్గుతున్నట్టే ఉండి వారానికి అటూ ఇటూగా పిల్లాడు పాలిపోయి, నీరసించి, ఒంటేలు తగ్గిపోయిందంటే కిడ్నీల మీద దెబ్బ పడిందేమో అని వెంటనే తీసుకెళ్లాలి.

ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. లిస్టీరియాకి ఒక దరిద్రపు గుణం ఉంది, మిగతావాటిలో చాలావరకు చలికి ముడుచుకుని కూర్చుంటే ఇది ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది, ఫ్రీజర్‌లో పెడితే పెరగదు కానీ చావదు కూడా. అంటే చీజ్ పారేసినా అది కారిన అర, అది అంటిన డబ్బా అలానే ఉంటాయి. రాత్రి పదకొండుకి మొదలుపెట్టి నేనూ మా ఆయనా అరలు, డ్రాయర్లు అన్నీ బయటికి లాగి వేడి సబ్బునీళ్లతో కడిగి, తర్వాత బ్లీచ్ నీళ్లతో తుడిచాం, 4 లీటర్ల నీళ్లకి ఒక టేబుల్ స్పూన్ వాసన కలపని బ్లీచ్ చాలు, ఆరనిచ్చి మళ్లీ సర్దాం. బ్లీచ్‌లో వెనిగర్ గానీ వేరే క్లీనర్ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. తలుపు రబ్బరు మడతల్లో ఎంత మురికి ఉందో ఆ రోజే చూశా, సిగ్గేసింది. చాకు, బోర్డు, మూతలు, తుడిచిన గుడ్డ కూడా వదలొద్దు. చీజ్‌ని రెండు కవర్లలో కట్టి మూత ఉన్న చెత్తడబ్బాలో వేశాం. కుక్కకో పిల్లికో పెట్టడం, పనిమనిషికి ఇచ్చేయడం మహాపాపం, మనం తిననిది వాళ్లెందుకు తినాలి. మీరు డబ్బు వాపసు అడగాలనుకుంటే ముందు కవర్‌కి అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి, సరుకు పారేసినా కోడ్ మిగులుతుంది.

మరి ఇన్నాళ్లు అమ్మి ఇప్పుడా చెప్పేది అని మీకు కోపం రావడం సహజం, నాకూ వచ్చింది. కానీ దాని వెనక పని చూస్తే కొంచెం అర్థమైంది. ఒకరికి జబ్బు చేయాలి, డాక్టర్ టెస్టుకి పంపాలి, ల్యాబ్‌లో క్రిమి పెరగాలి, దాని జన్యు పటం తీసి వేరే ఊళ్లలో రోగులతో పోల్చాలి, ఆ రోగులందరినీ ఏం తిన్నారని అడగాలి, దీనికే వారాలు పడుతుంది. 2011లో జర్మనీలో ఈకోలితో 3,800 మందికి పైగా జబ్బుపడి 50 మందికి పైగా చనిపోయారు, ముందు స్పెయిన్ దోసకాయలని అనుమానించారు, అక్కడి రైతులు పంట పారబోసుకున్నాక తేలింది అసలు కారణం మెంతి మొలకలని. సలాడ్ మీద చల్లిన నాలుగు మొలకలు ఎవరికి గుర్తుంటాయి, చాలామంది మొలకలు తిన్నామని చెప్పనే లేదు. అమెరికాలో 2008, 2009 మధ్య ఒక్క వేరుశనగ ఫ్యాక్టరీలో సాల్మొనెల్లా దొరికితే ఆ పప్పు ముద్ద వాడిన బిస్కెట్లు, ఐస్‌క్రీములు, చాక్లెట్లు అన్నీ కలిపి దాదాపు 3,900 రకాల సరుకులు వెనక్కి తీయాల్సి వచ్చింది. అందుకే ఒకే రీకాల్ వారం వారం పొడిగిస్తూ పోతారు, మొదటి లిస్టులో మీ నంబర్ లేదని వదిలేయకుండా ఆ నెల మళ్లీ రెండు మూడుసార్లు చూడండి. ఒకవేళ ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టర్‌కి ఈ ప్యాకెట్ సంగతి చెప్పి, మీ ఫుడ్ సేఫ్టీ శాఖకి కూడా ఫిర్యాదు రాయండి, అప్పుడు కూడా వాళ్లడిగేది కవర్ మీద నంబరే.

మా చెల్లి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. నేనే క్యాలెండర్‌లో 70వ రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, థర్మామీటర్ దాని దిండు పక్కన పెట్టి, అది తుమ్మితే పరిగెత్తేదాన్ని. ఒకసారి 37.6 చూపించింది, ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు, పొద్దున్నకి తగ్గింది. ఆ 70 రోజులు అవ్వకముందే కాన్పైంది, నెలలు నిండే, పిల్ల బానే ఉంది, ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు పట్టుకుని వేలాడుతుంది. ఆ చీజ్‌లో నిజంగా క్రిమి ఉందో లేదో మాకు ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు కూడా డబ్బాల్లోనే సర్దుతా, కానీ కవర్ మీద బ్యాచ్ నంబర్, డేటు ఉన్న ముక్క కత్తిరించి డబ్బా మూతకి టేప్ వేసి అంటిస్తా, మా ఆయన దాన్ని ఆధార్ కార్డు అంటారు.

మీరు ఇంట్లో ఎవరెవరు తిన్నారో రాయలేదు. గర్భంతో ఉన్నవాళ్లు గానీ, పెద్దవాళ్లు గానీ, చంటిపిల్లలు గానీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు గానీ తిని ఉంటే, ఒంట్లో బాగానే ఉన్నా సరే రేపు డాక్టర్‌కి ఒక ఫోన్ చేసి, ఏ తేదీన తిన్నారు, నోటీసులో ఏ బ్యాక్టీరియా పేరుంది, ఈ రెండూ చెప్పండి. మిగతావాళ్లయితే తిన్న తేదీ ఎక్కడో రాసి పెట్టుకుని, ముందు ఫ్రిజ్ పని చూడండి.