స్టెత్‌కి ఏమీ వినపడకపోయినా ఆగకండి

బాబుకి బ్లడ్ క్యాన్సర్ మెయింటెనెన్స్ (ఇంట్లోనే మాత్రలు వేసుకునే చివరి దశ చికిత్స) నడుస్తోంది, వారం నుంచి పొడి దగ్గు, దగ్గర్లోని పిల్లల డాక్టరు ఛాతీ క్లియర్‌గా ఉందన్నారు, సోమవారం అపాయింట్‌మెంట్ దాకా ఆగొచ్చా అని అడిగారు. ఆగకండి. ఇప్పుడే మీ క్యాన్సర్ వార్డుకి ఫోన్ చేయండి. మేం ఆగాం, అందుకే చెప్తున్నా.

మావాడికీ ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సరే. అప్పటికి నాలుగు నిండాయి. రాత్రిపూట 6-ఎంపీ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, ఈ క్యాన్సర్ మందులు ఒక్కటీ తప్పలేదు. తప్పింది సెప్ట్రాన్. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సీసా అయిపోయింది. యాంటీబయాటికే కదా, జ్వరం లేదుగా అనుకుని నెలన్నర ఊరుకున్నాను. అది జ్వరానికి కాదు, న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ ఊపిరితిత్తుల్ని పట్టకుండా కాపలాకి ఇచ్చే మందు. డిశ్చార్జ్ రోజు చెప్పే ఉంటారు. ఆ టెన్షన్‌లో ఏం విన్నానో నాకే తెలీదు.

దగ్గు చిన్నదే. జ్వరం 99 దాటలేదు. మాకూ ఛాతీ క్లియర్ అనే చెప్పారు. ఆ డాక్టరుగారిని తప్పుపట్టను, ఈ రకం న్యుమోనియాలో చాలాసార్లు స్టెత్‌కి ఏమీ దొరకదట. పట్టుకున్నది మా అత్తగారు. ఇడ్లీ తింటూ రెండు ముక్కలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "వీడు డొక్కలెగరేస్తున్నాడే, చొక్కా విప్పి చూడు" అన్నారు. పడుకోబెట్టి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని లెక్కపెడితే 52. ఐదేళ్లలోపు పిల్లలకి, ఏడాది దాటితే, 40 వస్తేనే వేగం కింద లెక్క. ఆక్సీమీటర్‌లో 91, బాత్రూం దాకా నడిచొచ్చాక 86.

సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తులూ ఆవిరి పట్టిన అద్దంలా ఉన్నాయి. గొట్టం వేసి ఊపిరితిత్తి కడిగిన నీళ్లు టెస్టుకి పంపారు. చివరికి ఎక్కించిందేమిటో తెలుసా? మేం మానేసిన ఆ మందే, పెద్ద డోసులో, 21 రోజులు. దాంతోపాటు స్టెరాయిడ్, ఆక్సిజన్.

మీ బాబుకి సెప్ట్రాన్ నడుస్తోందో లేదో రాయలేదు. మధ్యలో మానేసి ఉంటే మొహమాటపడకుండా ఫోన్‌లోనే చెప్పేయండి, వాళ్లకి అదే ముఖ్యం. ఒంటికి పడకపోతే వేరే మందు ఇస్తారు, మనంతట మనం ఆపకూడదు. బాబు పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. ఐదేళ్లలోపు వాడైతే 40 వచ్చినా, ఏ వయసైనా డొక్కలెగరేస్తున్నా ఫోన్ దారిలో చేయొచ్చు, ముందు బయల్దేరండి. జ్వరం 100.4 వస్తే పారాసెటమాల్ వేసి తగ్గుతుందేమోనని చూడకండి, అదీ రాత్రయినా సరే వెళ్లాల్సిందే.

ఇంకోటి. ఎదురింట్లోనో స్కూల్లోనో ఎవరికైనా అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిందని తెలిస్తే అదేరోజు ఆసుపత్రికి చెప్పండి. ఈ పిల్లల్లో అది ఊపిరితిత్తులకీ పాకుతుంది, అడ్డుకునే మందు మొదట్లోనే ఇవ్వాలి. పక్క ఫ్లాట్‌లో గోడలు పగలగొడుతుంటే ఆ దుమ్ము వైపు పోనివ్వకండి, అందులోనూ ఫంగస్ ఉంటుంది. చిన్నపాప ఉంటే పోలియో చుక్కలు వేయించే ముందు అడగండి, ఇంట్లో ఇలాంటి పిల్లాడుంటే ఇంజెక్షన్ వేస్తారు.

మావాడికి ఇప్పుడు ఏడేళ్లు, మందులన్నీ ఆపేశారు. సెప్ట్రాన్ వేయాల్సిన శుక్ర, శని, ఆదివారాలకి ఎర్ర స్కెచ్‌తో సున్నాలు చుట్టిన ఆనాటి క్యాలెండర్ మాత్రం ఇంకా ఫ్రిజ్ పక్కనే ఉంది, మా అత్తగారు తీయనివ్వరు.