తొలిసారి ఆల్ గ్రెయిన్ బీరా? ముందు మీ థర్మామీటరును మరిగే నీళ్లలో ముంచండి

మీరు అడిగింది ఇదీ: ఇన్నాళ్లూ మాల్టు ఎక్స్‌ట్రాక్టుతో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజ, అంటే మాల్టు, నుంచి తీసిన తీపి పాకం) ఇంట్లో బీరు చేశాను, ఇప్పుడు తొలిసారి నేరుగా గింజలతో, ఆల్ గ్రెయిన్ పద్ధతిలో చేయాలనుకుంటున్నాను, మూడు పాత్రల సెట్టు కొనాలా, ఒకే పాత్రలో గింజను గుడ్డ సంచిలో నానబెడితే సరిపోతుందా?

సంచి చాలు. దాని సంగతి చివర్లో చెబుతాను. మీ థర్మామీటరు నిజం చెబుతోందో లేదో ఎప్పుడైనా చూసుకున్నారా? ఎక్స్‌ట్రాక్టుతో చేసినన్నాళ్లూ దాంతో పెద్దగా పని పడదు. గింజలోని పిండిని చక్కెరగా మార్చే పని మాల్టు కంపెనీవాళ్లే ముగించి డబ్బాలో పోసి ఇస్తారు. ఆల్ గ్రెయిన్‌లో ఆ పని మీ పొయ్యి మీద, మీ పాత్రలో జరగాలి. నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అయితే బీరు స్వభావమే మారిపోతుంది. తొలి బ్యాచ్ సరిగ్గా రాలేదనేవాళ్లు ఈస్టును తిడతారు, గింజను తిడతారు, నీళ్లను తిడతారు. నన్నడిగితే ముందు నిలదీయాల్సింది థర్మామీటరునే.

నా తొలి ఆల్ గ్రెయిన్ రోజు ఇంకా కళ్లముందే ఉంది. తోడుగా మా తమ్ముడు ఉన్నాడు. 20 లీటర్ల బీరు కోసం మరపట్టించిన పేల్ మాల్టు 4.5 కిలోలు, నీళ్లు 28 లీటర్లు. మాష్, అంటే వేడి నీళ్లలో నానే గింజ, 66 డిగ్రీల దగ్గర నిలవాలంటే, గది వేడిమిలో ఉన్న గింజ కొంత వేడి లాగేసుకుంటుంది కాబట్టి, నీళ్లు 69 దగ్గర ఉండాలని లెక్క వేసుకున్నాను. గుండ్రటి ముఖం, ఎర్ర ముల్లు ఉన్న థర్మామీటరు. ముల్లు 69 మీదికి రాగానే పొయ్యి తగ్గించి సంచి దించాం. నేను గింజ పోస్తుంటే తమ్ముడు ఉండలు కట్టకుండా తెడ్డుతో కలిపాడు. ముల్లు మెల్లగా దిగి సరిగ్గా 66 మీద ఆగింది. లెక్క అంత కచ్చితంగా కుదిరేసరికి ఇద్దరం పొంగిపోయాం. పాత్రకు దుప్పట్లు చుట్టి గంటసేపు పక్కనే కూర్చున్నాం. తడిసిన గింజ వాసన, ఆ తీపి ఆవిరి ఇల్లంతా నిండాయి. ఎక్స్‌ట్రాక్టుతో చేసిన ఏ రోజూ ఇల్లు అలా వాసన కొట్టలేదు. ఒక్క ఆ వాసన కోసమైనా మీరు ఆల్ గ్రెయిన్‌కు రావాలి.

గంట తర్వాత ఒక చెంచాడు వోర్ట్ (గింజ నుంచి దిగిన తీపి నీళ్లు) తెల్ల పళ్లెంలో వేసి అయోడిన్ చుక్క వేశాం. నీలం రాలేదు, అంటే గింజలోని పిండి (స్టార్చ్) మిగల్లేదు. సంచి ఎత్తి కారనిచ్చాం, గట్టిగా పిండాం. గంటసేపు మరిగించాం. చేదు కోసం మొదట్లో కొన్ని హాప్స్ పూలు, వాసన కోసం ఆఖర్లో కొన్ని. మరుగు పట్టేటప్పుడు నురుగు ఒక్కసారిగా పైకి వస్తుంది, ఆ ఐదు నిమిషాలు మాత్రం పక్కకు కదలకండి. చల్లార్చి 20 డిగ్రీలకు తెచ్చాక హైడ్రోమీటరు (నీళ్లతో పోలిస్తే వోర్ట్ ఎంత చిక్కగా ఉందో చూపే గాజు గొట్టం) వేస్తే 1.048. కోరుకున్నది అదే. తమ్ముడు "అన్నా, మొదటిసారే కొట్టేశాం" అన్నాడు. నేనూ అదే నమ్మాను.

బకెట్టులో పోసి ఈస్టు వేశాక నాలుగు రోజులు బుడగలు జోరుగా వచ్చాయి, తర్వాత ఆగాయి. బుడగలు ఆగితే పులియడం అయిపోయినట్టేనని చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. మూత కొంచెం వదులైనా బుడగలు రావు, గది కాస్త వేడెక్కితే ఊరికే వస్తాయి. హైడ్రోమీటరు ఒక్కటే నమ్మదగిన సాక్షి. దాన్ని ముంచితే 1.022. మూడు రోజులాగి చూశా, మళ్లీ 1.022. ఈస్టు చక్కెర తినేకొద్దీ ఈ అంకె దిగాలి, రావలసింది 1.012 దరిదాపుల్లో. రుచి చూస్తే చేదు వెనకాల బరువుగా, నాలుకను వదలని తియ్యదనం.

ఈస్టు నిద్రపోయిందన్నారు. బకెట్టును వెచ్చటి గదిలోకి మార్చాను, అడుగున పేరుకున్నది లేచేలా మెల్లగా తిప్పాను, కొత్త ప్యాకెట్ ఈస్టు కూడా వేశాను. ఒక్క పాయింటు కదల్లేదు. ఒకరు ఎంజైము పొడి వేయమన్నారు, వేయలేదు. అది ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు, సీసాల్లోకి పోశాక కూడా పని చేస్తూ పోతే గాజు పగులుతుంది. మిగతావాళ్లందరూ "ఏం కాదులే, వదిలెయ్యి, బీరు బీరే" అన్నారు. ఈ సలహా నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. ఎనిమిది గంటలు నిలబడి చేసిన పనిలో ఎక్కడ తప్పిందని అడిగినవాడికి కావలసింది కారణం.

కారణం రెండు వారాల తర్వాత దొరికింది. వేరే పని కోసం నీళ్లు మరిగిస్తూ, చేతికందింది కదా అని అదే థర్మామీటరు ముంచాను. నీళ్లు తెర్లుతున్నాయి, ముల్లు 94 దగ్గర ఆగిపోయింది. అనుమానం వచ్చి గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, కాసిని నీళ్లు పోసి అందులో పెట్టాను. ముల్లు సున్నా దాటి కిందికి దిగిపోయింది. ఎక్కడ పెట్టినా ఆరేసి డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. మేం 66 అని మురిసిపోయిన మాష్ నిజానికి 72 దగ్గర ఉడికిందన్నమాట.

ఆ ఆరు డిగ్రీలు చేసిన పని ఇదీ. మాష్‌లో ముఖ్యంగా రెండు ఎంజైములు పనిచేస్తాయి. బీటా అమైలేజ్ స్టార్చ్ గొలుసు కొస పట్టుకుని మాల్టోజ్ అనే చక్కెర ముక్కలు తుంచుతూ పోతుంది, ఈస్టు ఇష్టంగా తినేది దాన్నే. ఆల్ఫా అమైలేజ్ గొలుసును మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తెగ్గొడుతుంది. 65, 67 మధ్య రెండూ కలిసి నడుస్తాయి. 72 దగ్గర బీటా కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోతుంది, ఆల్ఫా ఒక్కటే మిగులుతుంది. స్టార్చ్ మొత్తం తెగిపోతుంది కాబట్టి అయోడిన్ పరీక్ష పాసవుతుంది. కానీ తెగిన ముక్కల్లో చాలావరకు ఈస్టు ముట్టని డెక్స్‌ట్రిన్లే. హైడ్రోమీటరుకు ఆ తేడా తెలియదు, అన్నిటినీ కలిపి 1.048 అంటుంది. ఆ రోజు నేను చేసిన ప్రతి పరీక్షా బాగుందనే చెప్పింది, తప్పు మాత్రం మొదటి గంటలోనే జరిగిపోయింది. 4.7 శాతం రావలసిన ఆల్కహాల్ 3.4 దగ్గర ఆగిపోయింది.

భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ పేరు బడిలో చదివే ఉంటారు. ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్‌లో బీరు తయారీదారు కొడుకు ఆయన, తనూ ఆ బ్రూవరీ చూసుకున్నవాడే. 1840ల్లో నీళ్లను తెడ్లతో తిప్పి, పుట్టిన వేడిని డిగ్రీలో అతి చిన్న వంతు దాకా కొలిచానంటే పండితులు చాలామంది నమ్మలేదు. థర్మామీటరు మీద అంత పట్టు ఆయనకు బ్రూవరీ నుంచే వచ్చిందని నా గట్టి నమ్మకం. మాష్ పక్కన పెరిగినవాడికి డిగ్రీ విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

మీరు చేయాల్సింది పది నిమిషాల పని. దంచిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో సున్నా చూపించాలి. మరిగే నీళ్లలో 100 చూపించాలి, సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ ఒక డిగ్రీ చొప్పున తగ్గించుకోండి. తేడా ఉంటే పాత్ర మీదే రాసిపెట్టుకోండి. రెండో థర్మామీటరు ఒకటి కొనండి, ఇది పొదుపు చేయాల్సిన చోటు కాదు. మాష్‌లో కూడా ఒకే చోట కొలవకండి, బాగా కలిపి మధ్యలో, అంచున, అడుగున చూడండి.

పీహెచ్ (ఆమ్లగుణం కొలత) గురించి కంగారు పెట్టేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. ఆ స్కేలు పుట్టిందే 1909లో, డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో, రసాయన శాస్త్రవేత్త సోరెన్సెన్ చేతిలో. దాని మీద నాకు గౌరవముంది, మాష్ 5.2, 5.6 మధ్య ఉంటే మంచిదే. కానీ తొలి బ్యాచ్‌కు మీటరు కొనక్కర్లేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ మాత్రం తీసేయండి, లేకపోతే బీరు మందుల వాసన కొడుతుంది. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలిపే నీళ్లయితే మరిగించినా అది అంత తేలిగ్గా పోదు, కాస్త పొటాషియం మెటాబైసల్ఫైట్ వేయాలి.

ఇక మీ ప్రశ్న. 20 లీటర్ల బీరుకు 40 లీటర్ల పాత్ర, అందులో పూర్తిగా పట్టే గట్టి సంచి, అంతే. మూడు పాత్రలంటే మూడు కడగాలి, పంపులు, గొట్టాలు చూసుకోవాలి. తొలిసారి మీ కళ్లు ఉండాల్సింది మాష్ వేడి మీద, కుళాయిల మీద కాదు. తడిసిన సంచి చాలా బరువుంటుంది, ఎత్తడానికి ఇంకొకరిని పిలుచుకోండి. మా తమ్ముడు ఇప్పటికీ ఆ పనికే వస్తాడు. రెండో బ్యాచ్‌కూ వచ్చాడు: అదే గింజ, అదే ఈస్టు, కొత్త థర్మామీటరు, ఈసారి నిజమైన 66. 1.048 నుంచి 1.011కి దిగింది.