కనురెప్పల దురదకు గోళ్ల రంగు కారణం కావచ్చు

ప్రశ్న: నా వయసు 23. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను. వీడియోలు చూసి, ముద్రతో గోళ్ల మీద డిజైన్ అద్దే నెయిల్ స్టాంపింగ్, స్పాంజితో రెండు మూడు రంగులు కలిపి వేసే నెయిల్ ఆర్ట్ నేర్చుకున్నాను. వారానికి రెండుసార్లయినా రంగు మారుస్తాను. ఈమధ్య గోళ్లు పసుపుపచ్చగా మారాయి, చివర్లు పొరలుగా లేస్తున్నాయి. రంగుకు ముందు వేసే బేస్ కోట్ ఎలాంటిది వాడాలి? బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకోవచ్చా? స్టాంపింగ్ పాలిష్ మామూలు దానికంటే హానికరమా? మరో విషయం, మూడు నెలలుగా కనురెప్పలు దురదపెట్టి ఎర్రబడుతున్నాయి. డస్ట్ ఎలర్జీ అని మెడికల్ షాపులో ఒక క్రీము ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. ఉంగరం వేలి గోరు పక్కన వాపు కూడా నెల దాటినా పోవడం లేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉత్తరమంతా గోళ్ల గురించి రాసి, అసలు సంగతిని చివర్లో ‘మరో విషయం’ అని తేల్చేశారు. ఓపీలోనూ ఇదే తంతు, మందుల చీటీ చేతికిచ్చి, పేషెంటు లేచి తలుపు దాకా వెళ్లాక ‘అన్నట్టు డాక్టరు గారూ’ అంటారు చూడండి, చాలాసార్లు అదే అసలు జబ్బు. కాబట్టి బేస్ కోట్ సంగతి కాసేపు పక్కన పెడదాం.

చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరును బట్టి నాకు మొదట వచ్చే అనుమానం దుమ్ము మీద కాదు, మీ నెయిల్ పాలిష్ మీద. గోళ్లకు వేసుకున్న రంగుకు కళ్లు దురదపెట్టడమేమిటని మీకు అనిపించొచ్చు. గోరు గట్టిది, దానిలోంచి ఏదీ అంత తేలిగ్గా లోపలికి దిగదు. వేళ్ల చర్మమూ మందమే. కనురెప్ప చర్మం మాత్రం ఒంట్లో అన్నిటికంటే పలచన. చేత్తో ముఖాన్ని ఎన్నిసార్లు ముట్టుకుంటామో మనకే తెలియదు, కళ్లు నులుముకుంటాం, జుట్టు వెనక్కి తోసుకుంటాం, మెడ గోక్కుంటాం. పాలిష్ ఎలర్జీ వేళ్లను వదిలేసి రెప్పల మీద, మెడ పక్కల, చెంపల మీద బయటపడటం చర్మం డాక్టర్లకు కొత్త సంగతేమీ కాదు. రంగు గోరుకు అంటుకుని మెరవడానికి కలిపే టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ అనే పదార్థం ఇందులో పాత ముద్దాయి. జెల్ పాలిష్ వాడేవాళ్లకైతే ఎక్రిలేట్లు అనే రసాయనాలు. సీసా మీద ‘త్రీ ఫ్రీ’, ‘టెన్ ఫ్రీ’ అని రాసి ఉందని ధీమా పడకండి. ఫలానా కొన్ని రసాయనాలు లేవని మాత్రమే దానర్థం, మీకు పడనిది అందులో లేదని కాదు.

‘ఇంటర్ నుంచీ వేసుకుంటున్నాను, ఇన్నేళ్లూ ఏమీ కాలేదే’ అని అడుగుతారని తెలుసు. ఈ రకం ఎలర్జీ అలాగే వస్తుంది. ఏళ్ల తరబడి పడిన వస్తువే ఒక దశలో పడకుండా పోతుంది, ఒకసారి ఒంటికి పడకపోతే ఇక దాదాపు జీవితాంతం పడదు. పైగా తగిలిన వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకు వస్తుంది. శనివారం రాత్రి రంగు వేసుకుంటే సోమవారం రెప్పలు మండుతాయి, ఈలోగా మీరు బండి మీద ఎక్కడికో వెళ్లొచ్చి ఉంటారు, నేరం దుమ్ము మీద పడుతుంది. అలాగని కాటుక, ఐలైనర్, హెయిర్ డై, కొత్త షాంపూ, కంటి చుక్కల మందులను కూడా కొట్టిపారేయలేం. ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సినవే.

ఇప్పుడు ఆ క్రీము సంగతి. పేరు రాయలేదు మీరు. రాస్తే రెండు రోజుల్లో మాయం, మానగానే ప్రత్యక్షం అంటే నా అనుమానం అది స్టెరాయిడ్ అని, లేదా స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపిన ట్యూబు అని. డబ్బా పారేయకపోతే వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడే. వీటిని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా కౌంటర్ దగ్గర ‘దురద’ అనే మాట పూర్తయ్యేలోపే ట్యూబు చేతికొస్తుంది, మనమూ అడగం, వాళ్లూ చెప్పరు. ఆ ఒక్క ట్యూబు ఇంట్లో నాన్న గజ్జల్లో తామరకు, అక్క ముఖం మీద మంగుకు, పసిపిల్లల డైపర్ దద్దుకు తిరుగుతూ ఉంటుంది. తామర మందులకు లొంగకుండా మొండికేయడంలో ఈ ట్యూబుల పాత్ర ఎంతుందో రోజూ చూస్తున్నవాణ్ని కాబట్టి కాస్త విసుగ్గానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, నేనూ రాస్తాను. ఎంత బలమైనది, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నదే లెక్క. రెప్పల మీద బలమైనది నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, సన్నని నరాలు తేలతాయి. అంతకంటే నన్ను భయపెట్టేది కన్ను. మందు కంటిలోకి చేరి లోపలి ఒత్తిడి పెరగొచ్చు, నీటికాసులు రావచ్చు, శుక్లం రావచ్చు. ఒత్తిడి పెరిగినప్పుడు చాలామందికి నొప్పి కూడా ఉండదు, చూపు తగ్గాకే తెలుస్తుంది. మూడు నెలలంటున్నారు కాబట్టి కంటి డాక్టరు దగ్గర ఒకసారి ఒత్తిడి చూపించుకోండి. చూపు మసకబారినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, కన్ను నొప్పి పుట్టినా ఆ రోజే వెళ్లండి. ట్యూబు ఇక రాయొద్దు. మానాక కొన్ని రోజులు ఎరుపు, మంట ముందుకంటే ఎక్కువ కావచ్చు. అది చూసి భయపడి మళ్లీ రాస్తారు, చిక్కంతా అక్కడే. అందుకే సొంతంగా తంటాలు పడకుండా ఈ వారంలోనే చర్మం డాక్టరును కలవండి, అవసరమైతే రెప్పలకు సరిపడే వేరే మందు ఇస్తారు.

ఈలోగా నాలుగు వారాలు చేతి గోళ్లకు, కాలి గోళ్లకు ఏ రంగూ వద్దు. మీ చెల్లెలికో స్నేహితురాలికో వేసినా మీ వేళ్లకు అంటుతుంది కాబట్టి అదీ వద్దు. రెప్పలు శుభ్రపడితే సగం సమాధానం దొరికినట్టే. మిగతా సగం ప్యాచ్ టెస్టు చెబుతుంది. వీపు మీద చిన్న స్టిక్కర్లతో అనుమానమున్న పదార్థాలు అంటించి, రెండు రోజులకు తీసి చూస్తారు, నాలుగో రోజు ప్రాంతంలో మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు. మీకు గుంటూరు, విజయవాడ దగ్గరే కదా, వెళ్లేముందు ఫోన్ చేసి అక్కడ ఈ టెస్టు ఉందో లేదో కనుక్కోండి.

ఉంగరం వేలి వాపు గోరుచుట్టులా ఉంది. స్పాంజితో అద్దినప్పుడు రంగు గోరు మీద ఆగదు, చుట్టూ చర్మానికంతా అంటుతుంది. దాన్ని పోగొట్టడానికి దూదిని అసిటోన్‌లో, అంటే రంగు చెరిపే రిమూవర్‌లో ముంచి గోరు మొదలంతా రుద్దుతారు. గోరు మొదట్లో చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే సన్నని పొర, క్యూటికల్, నీళ్లూ క్రిములూ లోపలికి దిగకుండా కాపలా కాస్తుంది. అసిటోన్ దాన్ని ఎండగట్టి చీలుస్తుంది. డిజైన్ నీట్‌గా రావాలని దాన్ని పుల్లతో వెనక్కి తోసినా, కత్తిరించినా ఇక అడ్డే లేదు. అదే చేత్తో అంట్లు తోమితే గోరుచుట్టు మీద రోకటిపోటే. చేతులు పొడిగా ఉంచండి. గిన్నెలు తోమేటప్పుడు లోపల నూలు గ్లవుజు, పైన వినైల్ గ్లవుజు వేసుకోండి. నిమ్మకాయకు చిల్లి పెట్టి వేలికి తొడుక్కోమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. చిట్లిన చర్మం మీద పులుపు పెట్టడం నాకైతే ఇష్టం లేదు. పిన్నీసుతో పొడవడం అసలే వద్దు. చీము పట్టినా, సలుపుతున్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి, షుగరు ఉన్నవాళ్లయితే మరీను. గోరు లేచి కింద ఆకుపచ్చగా కనిపిస్తే అది సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా పని కావచ్చు, దాని మీద ముదురు రంగు పూసి కప్పేయకండి.

ఇంకో ప్రశ్న నాది. చర్మానికి రంగు అంటకుండా గోరు చుట్టూ రాసి, ఆరాక పొరలా ఊడబీకే ద్రవం వాడుతున్నారా? వాటిలో చాలావరకు లేటెక్స్, అంటే రబ్బరు పాలే. బెలూన్ ఊదితే పెదవులు దురదపెట్టడం, అరటిపండు తింటే నోరు దురదపెట్టడం మీకు ఎప్పుడైనా ఉంటే దాని జోలికి పోకండి. కొద్దిమందికి ఒళ్లంతా దద్దుర్లు, అరుదుగా ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంది. అలాంటిదేమైనా ఉంటే పళ్ల డాక్టరుకైనా, ఆపరేషనుకైనా వెళ్లినప్పుడు ముందే చెప్పాలి.

మీరు అడిగినవాటికి క్లుప్తంగా. స్టాంపింగ్ పాలిష్ చిక్కగా ఉంటుంది, రంగు పాళ్లు ఎక్కువ, అంతకుమించి దాన్ని ప్రత్యేకంగా భూతంలా చూడక్కర్లేదు. గోళ్లను పొరలు లేపుతున్నది రంగుకంటే వారానికి రెండుసార్లు దాన్ని చెరపడం. పసుపు చాలావరకు ముదురు ఎరుపు, నారింజ రంగుల మరక. రంగు ఆపితే గోరు పెరిగేకొద్దీ పోతుంది, చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి పూర్తిగా కొత్త గోరుకు దాదాపు ఆరు నెలలు. గీకకండి, అరగదీయకండి. బేస్ కోట్ మరకను తగ్గిస్తుంది, నిజమే, కానీ అదీ పాలిష్ జాతిదే, అందులోనూ అదే రెజిన్ ఉండొచ్చు. ఎలర్జీ తేలేదాకా ఏది వాడాలో నేను చెప్పను.

బయోటిన్ లోపం లేనివాళ్లకు దానివల్ల గోళ్లకు ఒరిగేది పెద్దగా లేదు. మోతాదు ఎక్కువైతే థైరాయిడ్ పరీక్షలను, గుండెపోటుకు చేసే ట్రోపోనిన్ పరీక్షను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే, రక్తం ఇచ్చేముందు ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెప్పండి. దానికంటే హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోవడం నయం, మీ వయసు ఆడపిల్లల్లో చాలామందికి తక్కువే ఉంటోంది.

అన్నట్టు, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. దీపారాధన జరుగుతున్న గదిలో, పొయ్యి దగ్గర ఆ సీసా తెరవకండమ్మా.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, మీ పాలిష్ సీసాలు, రిమూవర్ అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. గోళ్లకు మాత్రం రంగు లేకుండా వెళ్లండి. మొన్నొకావిడ పది వేళ్లకూ నెమలి పింఛాలు దిద్దుకుని ‘గోళ్లు చూడండి’ అని చేతులు చాపారు, చాలా బాగున్నాయి గానీ గోళ్లు కనిపించలేదు.