60 గజాల దగ్గరే ఆగిపోతున్న పుంజు

ప్రశ్న: అన్నా, మాది టెక్సస్, ఆస్టిన్ దగ్గర. పోయిన ఏప్రిల్‌లో ఫ్రెండ్ వాళ్ళ రాంచ్‌లో మొదటిసారి టర్కీ కోళ్ళ వేటకి వెళ్ళాను. నాకు 40 గజాల దూరంలో ఒక పెట్ట బొమ్మ, పక్కన పురి విప్పిన పుంజు బొమ్మ పెట్టాను. మొదటిరోజు పుంజు వచ్చింది గానీ 60 గజాల దగ్గర ఆగి, ఇరవై నిమిషాలు అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయింది. రెండోరోజు ఇంకోటి బొమ్మల్ని చూడగానే పరుగు లంకించుకుంది. ఈ డెకాయ్ బొమ్మలకి పెట్టిన డబ్బులు దండగేనా?

జవాబు: దండగ కాదు తమ్ముడూ, పెట్టిన చోటు తేడా. అడవిలో మామూలుగా పుంజు కూస్తే పెట్ట దాని దగ్గరికి నడిచి వెళ్తుంది. మనం బాక్స్ కాల్‌తో, అంటే కూత పుట్టించే చిన్న చెక్కపెట్టెతో, పెట్టలా కూసి పుంజునే రమ్మంటున్నాం, అంటే దాని అలవాటుకి ఎదురు పోతున్నాం. అయినా పాపం కొంతదూరం వస్తుంది, పెట్ట కళ్ళబడగానే 'నేను వచ్చేశాగా, ఇంక నువ్వు రా' అన్నట్టు పురి విప్పి అక్కడే నిలబడుతుంది. ప్లాస్టిక్ పెట్ట అడుగు తీసి అడుగు వెయ్యదు కదా, చూసి చూసి దానికి విసుగొస్తుంది. మీ మొదటిరోజు జరిగింది ఇదే.

ఇప్పుడు లెక్క చూడండి. బొమ్మ మీకు 40 గజాల్లో ఉంది, పుంజు దానికి ఇంకో 20 గజాల అవతల ఆగింది, మొత్తం 60, షాట్‌గన్‌కి అది చాలా దూరం. అదే బొమ్మ 15, 20 గజాల్లో ఉండుంటే పుంజు అంతే మొండిగా ఆగినా 40 లోపే ఉండేది. ఇంకో కిటుకు, బొమ్మని మైదానం మధ్యలో కాకుండా గట్టు మలుపులోనో, పొద చాటునో పెట్టండి, బాగా దగ్గరికి వస్తే తప్ప కనబడకూడదు. పెట్ట కోసం వెతుక్కుంటూ వచ్చే పుంజుకి ఆగి నిలబడే ఆలోచన రాదు.

బొమ్మ ముఖం ఎటు తిప్పాలన్నది చాలామంది పట్టించుకోరు, నా మటుకు నాకు సగం వేట అక్కడే ఉంది. పెట్ట ముఖం మీకు అవతలివైపు ఉండాలి, వెళ్ళిపోతున్నట్టు. పుంజు బొమ్మ ముఖం మాత్రం మీవైపే ఉండాలి. ఎందుకంటే నిజం పుంజు పోట్లాటకి వచ్చేది ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టి. చుట్టూ తిరిగి బొమ్మ ముందుకి వచ్చేసరికి దాని వీపు మీకు ఉంటుంది, విప్పిన తోక దాని కళ్ళకి అడ్డం పడుతుంది. మీరు తుపాకీ ఎత్తడానికి దొరికేది ఆ రెండు మూడు క్షణాలే. టర్కీకి ముక్కు అంతంతమాత్రం గానీ కళ్ళు రెండూ తలకి చెరోపక్కన ఉంటాయి, కాస్త మెడ తిప్పితే చుట్టూ అంతా కనబడిపోతుంది.

రెండోరోజు పుంజు పారిపోవడానికి కారణం ఆ పురి విప్పిన బొమ్మే అయ్యుంటుంది. సీజన్ మొదట్లో, పెత్తనం కోసం కొట్టుకునే రోజుల్లో, మందలో పెద్ద పుంజు దాన్ని చూస్తే తల ఎర్రగా, నీలంగా, తెల్లగా రంగులు మారుస్తూ మీదికి వస్తుంది. ఇదివరకే తన్నులు తిన్న పుంజు మాత్రం దండం పెట్టి తప్పుకుంటుంది. అందుకని పెద్ద పుంజు బదులు ఏడాది వయసున్న కుర్ర పుంజు బొమ్మ వాడండి, ఇక్కడ జేక్ అంటారు. కుర్రాడు పెట్టతో తిరుగుతుంటే చూసి ఊరుకునే పుంజులు తక్కువ. సీజన్ చివరికి వచ్చేసరికి ఆ జేక్‌ని కూడా ఇంట్లో వదిలేసి ఒక్క పెట్టతో వెళ్ళండి.

టెక్సస్ గాలికి బొమ్మ గిరగిరా తిరిగితే ఏ కోడీ నమ్మదు, తోకకి రెండువైపులా రెండు పుల్లలు గుచ్చితే కొంచెం కదిలి ఆగుతుంది. తెల్లవారుజామున మంచు పడి మెరుస్తుంటే గుడ్డతో తుడవండి.

అన్నట్టు డెకాయ్‌కి మన పాత తెలుగులో దీమం అని మంచి మాట ఉంది. మన దగ్గర కౌజు పిట్టల్ని పట్టేవాళ్ళు పెంపుడు కౌజుని దీమంగా పెట్టేవాళ్ళు, వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడది నేరం. ఆ దీమం తనే కూసేది, మీ ప్లాస్టిక్‌ది మూగది, కూత మీరే కూయాలి. పుంజు బొమ్మని చూసి నడక మొదలుపెట్టాక మాత్రం నోరు మూసుకోండి, కూత వచ్చినచోటికే కదా అది చూసేది!

ప్రశ్న: మేం మిస్సోరీలో పబ్లిక్ ల్యాండ్‌లో, అంటే అందరూ వేటాడే ప్రభుత్వ భూమిలో వేటాడతాం. డెకాయ్ పెడితే వేరే వేటగాళ్ళు పొరపాటున కాలుస్తారేమో అని మా ఆవిడ టెన్షన్. నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: ఆవిడ భయం నిజమే. నేనే ఒకసారి బొమ్మ తల సంచీలోంచి బయటికి పొడుచుకుని ఉండగా నడుస్తూ వెళ్ళాను, పొద వెనకనించి ఒకాయన తుపాకీ దించుతూ లేచేసరికి నా కాళ్ళు వణికాయి. మోసుకెళ్ళేటప్పుడు బొమ్మ పూర్తిగా సంచీలో ఉండాలి, పైన ఆరెంజ్ గుడ్డ కట్టాలి, కొట్టిన కోడికైనా అంతే. ఎరుపు, తెలుపు, నీలం, నలుపు ఒంటిమీద ఎక్కడా కనబడకూడదు, మేజోళ్ళయినా సరే. మీ భుజాలకన్నా వెడల్పయిన చెట్టుకి ఆనుకుని కూర్చోండి. ఎవరైనా వస్తుంటే చెయ్యి ఊపొద్దు, కోడిలా కూయొద్దు, మనిషి గొంతుతో గట్టిగా 'స్టాప్' అని అరవండి. టర్కీ తోక ఈకల్ని విసనకర్రలా అడ్డంపెట్టుకుని పుంజు మీదికి పాకే వీడియోలు చూసి పబ్లిక్ ల్యాండ్‌లో అది మాత్రం చెయ్యకండి. రూల్స్ కూడా రాష్ట్రానికో రకం, అలబామాలో 2022లో సీజన్ మొదటి 10 రోజులు డెకాయ్ వాడకూడదని రూల్ పెట్టారు.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఫ్రెండ్ తుపాకీతో టర్కీ వేటకి వెళ్ళొచ్చా?

జవాబు: ముందు లైసెన్స్, తర్వాతే తుపాకీ. వర్క్ వీసా వాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. తుపాకీ ఫ్రెండ్‌దైనా మీ చేతిలో ఉన్నంతసేపు ఇదే లెక్క. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, టర్కీకి లైసెన్స్‌తో పాటు అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ అనే అదనపు అనుమతి కూడా తీసుకోవాలి. మీ వీసా సంగతి లాయర్‌ని ఒకసారి అడగండి. ఏడాది లైసెన్స్ అక్కడ ఆగస్టు 31తో అయిపోతుంది, ఆ రోజుతో మీ మినహాయింపూ పోతుంది, రెన్యూ చేసుకునేదాకా తుపాకీ ఫ్రెండ్ ఇంట్లోనే ఉండనివ్వండి.