పొగాకు పండే ఊళ్లో టిఫిన్ హోటలు: పొగ తాగవద్దని చెప్పే అధికారం మాకుందా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి ప్రాంతం. పొగాకు వేలం కేంద్రానికి వెళ్లే దారిలో మాకు టిఫిన్ హోటలు ఉంది. స్లాబు కింద ఐదు బల్లలు, ముందున్న రేకుల షెడ్డులో మూడు బల్లలు. అంతా కలిపి ముప్పై రెండు మంది కూర్చోవచ్చు. వేలం సాగే నెలల్లో రైతులు, హమాలీలు, కొనుగోలుదారుల మనుషులు వస్తారు. టీ చేతికి అందగానే సిగరెట్ వెలిగిస్తారు. మా దగ్గర పళ్లేలు కడిగే ఆవిడకు ఆయాసం, పొగ అసలు పడదు. మా మామగారు గల్లాపెట్టె దగ్గర కూర్చునే చుట్ట కాలుస్తారు. షెడ్డు పక్కన మా స్థలంలోనే ఒక పాన్ షాపు పెట్టుకోవడానికి అద్దెకు ఇచ్చాం. నాలుగు ఇళ్ల అవతల ప్రాథమిక పాఠశాల ఉంది. ఈ మధ్య ఒక అధికారి వచ్చి, షెడ్డులో సిగరెట్ కాలుస్తున్న హమాలీకి రెండు వందల రూపాయల జరిమానా వేశారు. మళ్లీ ఇలాగే కనబడితే హోటలుకూ వేస్తానని హెచ్చరించారు. పొగ మాన్పిద్దామంటే మా వారు ఒప్పుకోవడం లేదు. షెడ్డు ఆరుబయటి కిందే లెక్క అంటారు. కాదంటే ఓ మూల తడిక కట్టి సిగరెట్ తాగేవాళ్లను అక్కడ కూర్చోబెడదామంటారు. పైగా, ప్రభుత్వమే వేలం పెట్టి అమ్మించే పంటను తాగవద్దని చెప్పడం పొగాకు రైతు నోట మట్టి కొట్టడమేనని ఆయన వాదన. మేము ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పొగ తాగవద్దని చెప్పే అధికారం మీకు పూర్తిగా ఉంది. చెప్పకుండా చూస్తూ ఊరుకుంటే జరిమానా మీ మీద కూడా పడుతుంది. షెడ్డు గురించీ, తడిక గురించీ మీ వారు అంటున్నది చట్టం ముందు నిలవదు. రైతు గురించి ఆయన పడుతున్న బాధ మాత్రం తీసిపారేయదగ్గది కాదు. దానికి విడిగా జవాబు చెబుతాను.

మీకు వర్తించేది 2003లో పార్లమెంటు చేసిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం. ఆఫీసుల్లో దాన్ని కోట్పా అంటారు. దాని నాలుగో సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. జనం వచ్చిపోయే చోటు ఏదైనా బహిరంగ ప్రదేశమేనని చెబుతూ ఆసుపత్రులు, కోర్టులు, బళ్లు, గ్రంథాలయాలు, బస్సులతో పాటు రెస్టారెంట్లను కూడా చట్టం పేరు పెట్టి చేర్చింది. కాబట్టి మీ టిఫిన్ హోటలు గురించి సందేహమే లేదు. సిగరెట్ మాత్రమే కాదు, బీడీ, చుట్ట, ఏ రూపంలో పొగాకు కాల్చినా నిషేధం ఒకటే. మీ మామగారి చుట్టకు మినహాయింపు లేదు.

ఆరుబయలు అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. చట్టంలో బహిరంగ ప్రదేశానికి ఇచ్చిన నిర్వచనం చివర ‘ఖాళీ స్థలం ఇందులోకి రాదు’ అని ఉంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆ సందును చాలావరకు మూసేశాయి. రైల్వే స్టేషను, బస్టాండు, స్టేడియం, ఆరుబయటి ఆడిటోరియం వంటి జనం చేరే చోట్లు ఖాళీ స్థలం కిందకు రావని ఆ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. ఒంగోలు బస్టాండులో ప్లాట్‌ఫారం మీద నిలబడి, పైన ఆకాశం కనిపిస్తోందని సిగరెట్ వెలిగించినవారు కూడా నేరం చేసినట్టే. అలాంటప్పుడు పైన రేకులు, కింద బల్లలు, బల్లల మీద మీరు వడ్డించిన ఇడ్లీలు ఉన్న షెడ్డును ఖాళీ స్థలమని ఏ కోర్టులోనూ ఒప్పించలేరు. అది మీ హోటలులో భాగం. షెడ్డు దాటి రోడ్డు అంచున నిలబడి కాల్చేవారి సంగతి వేరు. అక్కడ మీ బాధ్యత లేదు.

ఇక తడిక. ముప్పై మంది లేదా అంతకు మించి కూర్చునే రెస్టారెంటు పొగ తాగేవారికి విడిగా ఒక చోటు ఏర్పాటు చేసుకోవచ్చని చట్టంలో ఉన్న మాట నిజమే. మీ వారు ఆ సంఖ్య ఎక్కడో విని ఉంటారు. అయితే ఆ చోటు ఎలా ఉండాలో కూడా నిబంధనల్లో ఉంది. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు ఉండాలి. తలుపు దానంతట అదే మూసుకోవాలి. లోపలి పొగ నేరుగా బయటికే పోవాలి, తిరిగి హోటలులోకి రాకూడదు. లోపల గాలి ఒత్తిడి మిగతా భవనం కంటే తక్కువగా ఉండాలి. ఆ గది రాకపోకల దారిలో ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గదిలో పొగ తాగడం తప్ప మరే సేవా అందించకూడదు. అంటే అక్కడికి టీ కూడా తీసుకెళ్లి ఇవ్వలేరు. ఇంత ఖర్చు పెట్టి కట్టిన గదిలో ఎవరు కూర్చుంటారు? తడిక కట్టడం కంటే అసలు ఏమీ కట్టకపోవడమే మేలు. తడిక కడితే, పొగ తాగడానికి మీరే వసతి కల్పించారని అధికారి రాసుకుంటారు. ఈ మినహాయింపును చట్టం నుంచి పూర్తిగా తీసేయాలని నేను గట్టిగా నమ్ముతాను. తీసేయాలన్న ప్రతిపాదనతో కేంద్రం 2020లో సవరణ ముసాయిదా తయారుచేసింది కూడా. గది ఎంత బాగా కట్టినా దాన్ని ఊడ్చడానికి ఎవరో ఒక మనిషి లోపలికి వెళ్లాల్సిందే. ఆ మనిషికి జీతం తప్ప వేరే దారి ఉండదు.

హోటలుకూ జరిమానా వేస్తానని అధికారి హెచ్చరించారని రాశారు. అలా వేయవచ్చు. పొగ తాగినవారికి రెండు వందల రూపాయల దాకా జరిమానా పడుతుంది. యజమాని గానీ, మేనేజరు గానీ తమ ఆవరణలో పొగ తాగకుండా చూడాలని 2008 నిబంధనలు బాధ్యత పెట్టాయి. ఫిర్యాదు వచ్చినా మీరు పట్టించుకోలేదని తేలితే, అక్కడ ఎన్ని నేరాలు జరిగాయో అన్నింటికీ సమానమైన జరిమానా మీ మీద పడుతుంది. వేలం రోజున మీ షెడ్డులో ఎన్ని సిగరెట్లు వెలుగుతాయో లెక్క వేసుకుంటే మీ వారికి విషయం అర్థమవుతుంది.

మీరు చేయాల్సిన పనులు పెద్ద ఖర్చువి కావు. లోపలికి వచ్చే ప్రతి దారి దగ్గర కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో ‘పొగ తాగరాని ప్రదేశం – ఇక్కడ పొగ తాగడం నేరం’ అన్న బోర్డు పెట్టించండి. ఫిర్యాదు ఎవరికి చేయాలో వారి పేరు, ఫోను నంబరు కనబడేలా రాయించండి. ఆ పేరు మీదే అయితే ఇంకా మంచిది. బల్లల మీద యాష్‌ట్రేలు, వాటి బదులు వాడే కొబ్బరి చిప్పలు, పాత గ్లాసులు ఉంటే తీసేయండి. అగ్గిపెట్టె, లైటరు మీ ఆవరణలో ఎవరికీ అందుబాటులో ఉండకూడదు. వీటి గురించి నిబంధనల్లో ప్రత్యేకంగా రాశారు, తనిఖీకి వచ్చినవారు మొదట చూసేవీ ఇవే.

ఎవరైనా వెలిగిస్తే మర్యాదగా ఒకసారి చెప్పండి. వినకపోతే టీ, టిఫిను ఇవ్వనని చెప్పవచ్చు, బయటికి వెళ్లమనవచ్చు. దానికి మీ మీద ఏ కేసూ నిలవదు. మీరు మాత్రం ఎవరి దగ్గరా జరిమానా పేరుతో ఒక్క రూపాయి తీసుకోవద్దు. గొడవ పెద్దదైతే పోలీస్ స్టేషనుకు ఫోను చేయండి. ఎస్సై, ఆ పై స్థాయి పోలీసు అధికారులకు ఈ చట్టం కింద చర్య తీసుకునే అధికారం ఉంది. జిల్లాలో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం చూసే ఆరోగ్య శాఖ అధికారికి రాతపూర్వకంగా కూడా చెప్పవచ్చు.

ఆ హమాలీకి అధికారి రసీదు ఇచ్చారా అన్నది మీరు రాయలేదు. మళ్లీ వస్తే తప్పకుండా అడగండి, మీ కోసమూ, వారి కోసమూ. తప్పు ఒప్పుకుని డబ్బు కడితే ఈ కేసు అక్కడికక్కడే రాజీ పడుతుంది, కోర్టు దాకా వెళ్లదు. ఒప్పుకోనివారు మేజిస్ట్రేటు ముందు వాదించుకోవచ్చు. రసీదు లేకుండా తీసుకున్నది జరిమానా కాదు. బేళ్లు మోసే మనిషికి రెండు వందలంటే పూట గడిచే డబ్బు. కారు దిగి వచ్చే వ్యాపారికి అది లెక్కలోకే రాదు. 2003లో పెట్టిన అంకె ఇప్పటికీ అలాగే ఉండటం వల్ల ఈ చట్టం పేదవాడికి బరువు, ఉన్నవాడికి తేలిక అయింది. నన్ను అడిగితే, పొగ తాగిన మనిషి మీద కాకుండా, తాగనిచ్చిన యజమాని మీదే బరువు పెంచాలి. ఇది మీకు చేదుగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. పొగను ఆపగల శక్తి యజమాని చేతిలోనే ఉంది.

పాన్ షాపు విషయం తొందరగా తేల్చుకోండి. విద్యాసంస్థ ప్రహరీ నుంచి 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మడం ఇదే చట్టం ఆరో సెక్షన్ కింద నేరం. నాలుగు ఇళ్ల అవతలే బడి అంటున్నారు కాబట్టి టేపుతో కొలిపించండి. వంద గజాల లోపైతే అక్కడ సిగరెట్, బీడీ ఏదీ అమ్మకూడదు. దూరం దాటినా పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మకూడదు, ఆ సంగతి తెలిపే బోర్డు ఉండాలి. పాన్ షాపు లైటరు మీ ఆవరణలోకి వేలాడుతుంటే దాన్ని మీరే ఉంచారని అంటారు. ఈ-సిగరెట్లు అమ్ముతున్నారేమో కూడా చూసుకోండి. 2019 చట్టం ప్రకారం మొదటిసారి దొరికినా ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అద్దె కాగితం లేకపోతే అది నెలవారీ అద్దె కింద లెక్క. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. ఆ పని చేసే ముందు, పళ్లు, సోడా, బిస్కెట్లు అమ్ముకోమని అతనితో మాట్లాడి, ఆ షరతుతో కొత్త కాగితం రాసుకోండి. అతని ఇల్లు కూడా గడవాలి.

ఇప్పుడు మీ వారు అన్న రైతు మాట. వర్జీనియా పొగాకు పండించడం మీద ఈ చట్టంలో ఒక్క ఆంక్ష లేదు. ఆ పంటకు రిజిస్ట్రేషను, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారనుకు లైసెన్సు, వేలం అన్నీ 1975 నాటి పొగాకు బోర్డు చట్టం కింద నడుస్తాయి. బోర్డు గుంటూరు నుంచి పనిచేస్తుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలూ, నెల్లూరు వైపు కలిగిరి, డీసీ పల్లి కేంద్రాలూ దాని కిందివే. ఒక చట్టం పంట అమ్మకాన్ని చూస్తుంది, ఇంకొకటి ఆ పొగ పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూస్తుంది. ఒకే ప్రభుత్వం ఈ రెండూ చేయడం చూసేవారికి చిత్రంగా అనిపిస్తుందన్నది నేనూ ఒప్పుకుంటాను. అయినా అది చట్టాన్ని కొట్టేయడానికి కారణం కాదు. మీ వారికి ఈ ఒక్క సంగతి చెప్పండి: వేలం కేంద్రం కూడా పని ప్రదేశమే. 2008 నిబంధనలు పని ప్రదేశాలను బహిరంగ ప్రదేశాల్లో చేర్చాయి. పొగాకు బేళ్లు వరుసలుగా పేర్చిన ఆ హాలులో సిగరెట్ వెలిగించినా నేరమే.

రైతు నష్టపోయిన మాట అబద్ధం కాదు. 2015లో ధరలు కూలిపోయి ఈ జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. బ్యారన్ల కౌలు, కట్టెల ఖర్చు, కూలి డబ్బులు నెత్తిన పడి, కొనేవారు వెనక్కి తగ్గితే రైతు కుప్పకూలిపోయాడు. ఆ ఏడాది వారిని ముంచింది హోటలు గోడ మీది బోర్డులు కావు. రైతు పక్షాన అడగాల్సినవి వేరే ఉన్నాయి. గిట్టుబాటు ధర అడగాలి. పొగాకు నుంచి మరో పంటకు మారాలనుకునేవారికి సాయం అడగాలి. 2004లో మన దేశం ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందం పదిహేడో అధికరణంలో పొగాకు సాగుదారులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపే మాట ఉంది. ఆ మాట నిలబెట్టుకోమని ప్రభుత్వాన్ని నిలదీయడం రైతుకు మేలు చేస్తుంది. మీ షెడ్డులో నాలుగు సిగరెట్లు వెలగనివ్వడం చేయదు.

పొగ తాగే స్వేచ్ఛ గురించి ఎవరైనా వాదిస్తే సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న మురళీ దేవరా కేసులో ఏం చెప్పిందో చెప్పండి. పొగ తాగనివారు కేవలం బహిరంగ ప్రదేశానికి రావాల్సి వచ్చినందుకు రోగాల పాలైతే, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును హరించడమేనని కోర్టు తేల్చింది. 2008 నిబంధనల అమలును ఆపమని వ్యాపార వర్గాలు వెళ్లినప్పుడూ సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు.

ఈ తీర్పులన్నీ నాకు చివరికి మీ ఉత్తరంలోని ఒక వాక్యం దగ్గరికే వస్తాయి: పళ్లేలు కడిగే ఆవిడకు ఆయాసం అన్నారు. టీ తాగడానికి వచ్చిన మనిషి పది నిమిషాల్లో లేచి పోతాడు. పొగ పడనివారు వేరే హోటలు చూసుకుంటారు. ఆవిడ పొద్దున్నుంచీ అక్కడే ఉండాలి. మన దేశంలో 2016–17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వేలో, నాలుగు గోడల లోపల పనిచేసే పెద్దల్లో 30.2 శాతం మంది పనిచేసే చోటే ఇతరుల పొగ పీలుస్తున్నారని తేలింది. ఆవిడ ఫిర్యాదు రాసి ఇస్తే తీసుకునే అధికారులు ఉన్నారు, కానీ జీతం ఇచ్చే ఇంటి మీద ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే ఆవిడ తరఫున మాట్లాడాల్సింది మీరు.

మామగారితో మాట మాత్రం మీ వారి చేత చెప్పించండి. కోడలు చెబితే నొచ్చుకుంటారు, కొడుకు చెబితే వింటారు. హోటలు రిజిస్ట్రేషను మామగారి పేరున ఉంటే చట్టం దృష్టిలో పొగ ఆపాల్సిన యజమాని ఆయనే. గల్లాపెట్టె దగ్గర ఆయన చుట్ట వెలిగినంతకాలం బోర్డు చూపించి ఎవరినీ ఆపలేరు. మానాలని ఆయనకే అనిపిస్తే జాతీయ పొగాకు విముక్తి సహాయ కేంద్రానికి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. సిగరెట్ ప్యాకెట్ల మీద కూడా ఆ నంబరు ఉంటుంది. అప్పటిదాకా చుట్ట కాల్చాలనిపిస్తే షెడ్డు దాటి, బడి వైపు కాకుండా, రోడ్డు అవతలికి వెళ్లి కాల్చమనండి.