ఎనిమిదేళ్ల సర్వీసు, ఒక పొరపాటు, ఒక మెమో

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పోయిన నెల వరసగా నాలుగో నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున ఏడో బెడ్ పేషెంటుకి ఇంజెక్షన్ లోడ్ చేస్తుంటే, పక్క గదిలో సెలైన్ అయిపోయిందని పిలిచారు. వెళ్లి మార్చి వచ్చి, ట్రే తీసుకుని తిన్నగా తొమ్మిదో బెడ్ దగ్గరికి వెళ్లిపోయాను. ఆ పెద్దాయన "నాకు రాత్రి పదింటికే ఇచ్చారు కదమ్మా" అనకపోతే ఇచ్చేసేదాన్నే. నేనే వెళ్లి ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పాను. మర్నాడు అజాగ్రత్త అని మెమో ఇచ్చారు. అప్పటి నుంచి సిరంజి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. నేను ఈ ఉద్యోగానికి పనికిరానా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. పైవాళ్లెవరికీ తెలియని పొరపాటుని మీ అంతట మీరే వెళ్లి చెప్పారు. అలాంటి నర్సు పనికిరాదంటే ఇక ఎవరు పనికొస్తారు?

ఇప్పుడు జరిగినదాన్ని చూద్దాం. పనికి కొత్తవాళ్లు తెలియక తప్పు చేస్తారు, అది ఒక రకం. మీది అది కాదు. ఏళ్ల తరబడి చేసిన పని బుర్రలోంచి చేతుల్లోకి దిగిపోతుంది. లోడ్ చేయడం, ట్రే సర్దడం, బెడ్ దగ్గరికి నడవడం అన్నీ ఆలోచించకుండానే అయిపోతుంటాయి. ఆ మధ్యలో ఎవరైనా పిలిస్తే మనసు అటు వెళ్లి తిరిగొచ్చేసరికి, చేతులు వాటికి తోచిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టేస్తాయి. అందుకే ఈ రకం పొరపాటు బాగా అనుభవం ఉన్నవాళ్లకే ఎక్కువగా జరుగుతుంది. "ఇంకా జాగ్రత్తగా ఉండు" అని ఎన్నిసార్లు చెప్పినా తగ్గదు, ఎందుకంటే ఆ క్షణంలో మనం జాగ్రత్తగానే ఉన్నామనుకుంటాం.

నాకూ జరిగింది. ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్న రోజుల్లో స్టీమ్ పైపు ఫ్లాంజికి, అంటే రెండు పైపుల్ని కలిపే అంచుకి, ఎనిమిది బోల్టులు బిగిస్తున్నాను. ఆరోది అయ్యాక ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, స్పానర్ తీసుకుని, ఎనిమిదోది బిగించి లేచాను. ఏడోది చేత్తో తిప్పి వదిలింది అలాగే ఉండిపోయింది. లైన్లోకి స్టీమ్ వదలగానే అక్కడ బుస్సుమని కొట్టింది. ఆ పక్కన ఆ సమయానికి మనిషి లేడు కాబట్టి సరిపోయింది. మా ఫోర్‌మన్ నన్ను ఒక్క మాట అనలేదు. పసుపు రంగు పెయింట్ మార్కర్ తెచ్చి చేతిలో పెట్టి, "బిగించిన ప్రతి నట్టు మీద నుంచి ఫ్లాంజి మీదికి ఒక గీత గీయి, గీత లేకపోతే బిగించనట్టే" అన్నాడు. ఆ తర్వాత ఎన్ని ఫోన్లు వచ్చినా ఇబ్బంది లేదు, తిరిగొచ్చి గీతలు చూసుకుంటే చాలు.

మీకూ అలాంటి గీతలు కావాలి. లోడ్ చేసిన సిరంజిని కింద పెట్టే ముందే దాని మీద పేషెంటు పేరు, మందు పేరు అతికించండి. లేబుల్ లేని సిరంజి కనిపిస్తే ఎవరిదా అని ఆలోచించకుండా పారేయండి. మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే తిరిగొచ్చాక ఆపిన చోటి నుంచి కాదు, కేస్ షీటు చూడటం దగ్గర నుంచి మొదలుపెట్టండి. బెడ్ నంబరుని నమ్మకండి, బెడ్లు మారుతుంటాయి. పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు పేషెంటుకి ఇచ్చే నంబరు) రెండూ కలవాలి. పేరు అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "మీరు సుబ్బారావుగారేనా?" అంటే నిద్రమత్తులో ఉన్న పెద్దాయన దేనికైనా "ఊఁ" అంటాడు. "మీ పేరేమిటండీ?" అని అడగండి, ఆయన నోటితోనే చెప్పించండి.

ఇవి మీ చేతిలో ఉన్నవి. ఆసుపత్రి చేతిలో ఉన్నవి ఇంతకంటే పెద్దవి. సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులివ్వడాన్ని దగ్గరుండి గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, పని మధ్యలో ఎవరైనా అడ్డుపడిన ఒక్కోసారికీ పొరపాట్లు 12 శాతానికి పైగా పెరుగుతున్నట్టు తేలింది. కాబట్టి ఒక సిస్టర్ మందులు లోడ్ చేస్తున్నంతసేపూ బెల్లు ఇంకొకరు చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఇక నిద్ర సంగతి. నైట్ చేసి ఇంటికెళ్లి వంట, పిల్లల పని అయ్యాక ఎంతసేపు పడుకున్నారో మీరు రాయలేదు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లోనే చూపించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే బండి తోలనివ్వని స్థితిలో ఉన్న మనిషి చేత ఇంజెక్షన్లు ఇప్పిస్తున్నాం! వరసగా నాలుగు నైట్లు వేసింది ఎవరో ఆ మెమోలో లేదు. మెమోకి సంజాయిషీ ఇచ్చేటప్పుడు డ్యూటీ చార్టు, ఆ రాత్రి వార్డులో ఎంతమంది పేషెంట్లకి ఎంతమంది సిస్టర్లు ఉన్నారో కలిపి రాయండి. గొడవ పడినట్టు కాదు, జరిగింది జరిగినట్టు రాయండి చాలు. ఆ బెల్లూ ఆ డ్యూటీ చార్టూ అలాగే ఉంటే వచ్చే నెల ఇంకో సిస్టర్ అదే ట్రేతో అలాగే వెళ్తుంది.

చెయ్యి వణకడం ఒకటి రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుతో మాట్లాడండి, లోపల దాచుకోవద్దు.

ప్రశ్న: ఫార్మా కంపెనీలో చేరి ఏడాదైంది. మా సీనియర్ తూకంలో తప్పు చేస్తున్నట్టు అనిపించినా నోరు పెగల్లేదు. "నీకేం తెలుసు" అంటారని భయం. ఎలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు, ఎనిమిది మందే బతికారు. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయి, దిగే సమయానికి లేచారని విచారణలో తేలింది. విమానం ఉండాల్సినదానికంటే బాగా ఎత్తులో వస్తోందని, దిగకుండా మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ అన్నాడు, ఒకసారి కాదు. అయినా కెప్టెన్ ఆగలేదు. చెప్పడం ఎంత కష్టమో, వినడమూ అంతే కష్టం.

అందుకే మాటలు ముందే సిద్ధం చేసుకోవాలి. మనిషి గురించి కాకుండా కంటికి కనిపించే అంకె గురించి మాట్లాడండి: "సార్, షీటులో 12.5 ఉంది, స్కేలు మీద 15.2 చూపిస్తోంది, కలిపేముందు ఒకసారి చూద్దామా?" పట్టించుకోకపోతే రెండోసారి సూటిగా, "సార్, నాకు ఇది తేడాగా ఉంది, ఆపుదాం." అప్పుడూ వినకపోతే క్వాలిటీ వాళ్లని పిలవండి. ఇది మీరు హద్దు దాటడం కాదు. బ్యాచ్ రికార్డులో 'చెక్డ్ బై' (సరిచూసినవారు) గడిలో సంతకం మీదే అయితే, మీ కళ్లతో చూసి చెప్పమనే ఆ గడి పెట్టారు.

ప్రశ్న: మా ప్లాస్టిక్ యూనిట్‌లో తప్పు చేసినవాడికి ఒకరోజు జీతం కోస్తున్నాం. మొదట్లో తప్పులు తగ్గాయి, ఇప్పుడు ఒకేసారి పెద్దవి బయటపడుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక సూపర్‌వైజర్, జీడిమెట్ల

జవాబు: తప్పులు తగ్గలేదండీ, మీ దాకా రావడం తగ్గింది. చిన్నవి చెబితే జీతం పోతుంది కాబట్టి ఎవరూ చెప్పరు, అవి లోపల పెరిగి పెద్దవయ్యాక మీకు కనిపిస్తాయి.

1990 జూన్ 10న ఇంగ్లండులో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం గాల్లో ఉండగా ముందు అద్దం ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన్ని గట్టిగా పట్టుకుని ఉంటే కో-పైలట్ విమానాన్ని కిందికి దింపాడు, అందరూ బతికారు. అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే సన్నవి. వేసినవాడు పని దొంగ కాదు. రాత్రి షిఫ్టులో మనుషులు తక్కువై మేనేజరే స్వయంగా చేశాడు. కావలసిన బోల్టులు స్టోరులో చాలినన్ని లేవు, వెలుతురు సరిగ్గా లేని ఇంకో చోటికి వెళ్లి, పాత బోల్టుని పక్కన పెట్టి కంటితో పోల్చి తెచ్చుకున్నాడు. ఇదంతా తెలిసింది నిదానంగా కూర్చోబెట్టి అడిగితేనే. జీతం కోసి పంపేస్తే ఆ స్టోరూ ఆ చీకటీ అలాగే ఉండిపోయేవి.

అమెరికాలో విమానయాన సిబ్బంది 1976 నుంచి తమ పొరపాట్లని నాసాకి రాసి పంపుతున్నారు. పేర్లు బయటికి రావు. కావాలని చేయని తప్పయితే, పది రోజుల్లోగా రాసి పంపినవాళ్లకి మామూలుగా జరిమానా వేయరు. తాగి పనికి రావడం లాంటి వాటికి శిక్ష ఉండాల్సిందే, నేను కాదనను. కానీ చెయ్యి లోపలికి పోకుండా మెషిన్‌కి పెట్టిన గార్డు తీసేసి పని చేస్తున్నవాణ్ని కోప్పడే ముందు, గార్డు ఉంటే ఇరుక్కున్న పీసు తీయడానికి ఎంతసేపు పడుతోందో, ఆ షిఫ్టుకి మీరిచ్చిన టార్గెట్ ఎంతో ఒకసారి పక్కన నిలబడి చూడండి.

జీతం కోత ఈ నెల నుంచే ఆపేస్తున్నానని అందరి ముందూ చెప్పండి. హాజరు వేసే టైమ్ ఆఫీసు దగ్గర కాకుండా, టీ తాగే చోట ఒక నోటుపుస్తకం తాడుతో కట్టి వేలాడదీయండి, పేరు రాయక్కర్లేదు, ఏం జరగబోయి తప్పిందో రెండు ముక్కలు రాస్తే చాలు. ఖాళీ పుస్తకంలో మొదట రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. మొదటి పేజీలో మీరు చేసిన పొరపాటు ఒకటి, మీ పేరుతో రాయండి.