చక్రం హోరు కోసం డిపాజిట్ రద్దు చేయాలా?

ప్రశ్న: మూడు నెలల క్రితం అప్పు చేసి సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. వేగం పెరిగేకొద్దీ ముందు ఎడమ చక్రం వైపు నుంచి హోరు వస్తోంది. మెకానిక్ ఒకసారి నడిపి చూసి, ముందు చక్రాలు సాఫీగా తిరిగేలా చేసే బేరింగులు రెండూ, టైర్లు నాలుగూ మార్చాలన్నారు. అత్యవసర నిధి అంత ఖర్చుకు చాలదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయాలా, వ్యక్తిగత రుణం తీసుకోవాలా, కారునే అమ్మేయాలా?

జవాబు: ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడే చేయకండి. అరిగిన బేరింగు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు దాదాపు ఒకేలా హోరుమంటాయి కాబట్టి, మీ మెకానిక్ ఏది కారణమో తేల్చకుండానే రెండింటినీ రాసినట్టు నాకు అనిపిస్తోంది. ముందు శబ్దం ఎక్కడిదో తేలాలి. ఎంత డబ్బు కావాలో ఆ తర్వాతే తెలుస్తుంది.

ఖాళీగా ఉన్న రోడ్డు మీద ఒకే వేగంతో వెళుతూ, స్టీరింగును కొద్దిగా కుడికి తిప్పి చూడండి. అప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కనుక, హోరు పెరిగి, ఎడమకు తిప్పినప్పుడు తగ్గితే ఎడమ బేరింగును అనుమానించాలి. నున్నటి రోడ్డు ఎక్కగానే శబ్దం మారిపోతే అది టైరుదే కావచ్చు. ఇది తేల్చుకోవడానికి, ముందున్న టైర్లను వెనక్కీ, వెనకవాటిని ముందుకీ మార్పించండి. శబ్దం కూడా వెనక్కి వెళితే బేరింగు జోలికి పోనక్కరలేదు. బేరింగు మీదే అనుమానం నిలిస్తే, మరో గ్యారేజీలో కారును లిఫ్ట్ ఎక్కించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడమనండి. చక్రాన్ని తిప్పుతూ సస్పెన్షన్ స్ప్రింగు మీద చేయి ఆనిస్తే, చెడిన బేరింగు గరగర వేళ్లకు తెలుస్తుంది. జాకీ ఒక్కదాని మీదే నిలిచిన కారు దగ్గర మీరు మాత్రం ఈ పని చేయవద్దు. ఈ పరీక్షకు అయ్యే రుసుము గురించి వెనకాడకండి, మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తక్కువ ఖర్చు అదే.

బేరింగే అని తేలితే, అత్యవసర నిధి తీసి వెంటనే మార్పించండి. ఆ నిధి ఉన్నది ఇలాంటి రోజు కోసమే. బేరింగు పూర్తిగా చెడితే చక్రం బిగువు కోల్పోయి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, అప్పటిదాకా దూర ప్రయాణాలు పెట్టుకోకండి. చెడింది ఒకటే అయితే ఒకటే మార్పించండి, రెండోదాన్ని పరీక్షించి వదిలేయవచ్చు.

టైర్లే కారణమైతే కొంత వ్యవధి దొరుకుతుంది, అయితే గాడుల లోతు చాలినంత ఉండి, పక్కల్లో పగుళ్లు, ఉబ్బులు లేకపోతేనే. కొత్తవి కొనేముందు అలైన్‌మెంటు (చక్రాల కోణాల అమరిక), కుదుపులను తగ్గించే షాక్ అబ్జార్బర్లు చూపించండి. టైర్లను అలా అరగదీసిన లోపాన్ని సరిచేయకుండా కొత్తవి వేయిస్తే, అవీ అలాగే అరిగి, అదే ఖర్చు మళ్లీ మీ మీద పడుతుంది. ఆ తర్వాత రెండేసి చొప్పున, నెలనెలా పక్కన పెట్టిన సొమ్ముతో కొనవచ్చు.

కారు అమ్మే ఆలోచన తేలిన లోపాన్ని బాగు చేయించాకే చేయండి. హోరుతో అమ్మితే, కొనేవాళ్లు ఆ శబ్దానికి మరమ్మతు ఖర్చుకు మించి ధర తగ్గిస్తారు, మీ మీద పాత అప్పు మిగిలిపోతుంది. మామూలు వాహన బీమా అరుగుదలకు వర్తించదు. కానీ అమ్మినవారు వారంటీ రాసి ఇచ్చి ఉంటే, గడువు దాటకముందే ఈ శబ్దం గురించి వారికి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తర్వాతే మరమ్మతుకు ఇవ్వండి.